ప్రత్యభిజ్ఞ: వాటర్లూ వీధిలోని చీనా ఆలయం

బాల్యంలో ఎరిగిన దేవాలయానికి చిరకాలం తరువాత వెళ్ళినవాడు గడప దాటగానే "ఇది ఆ గుడియే" అంటాడు. అది స్వసంప్రదాయపు ఆలయమైతే ఆ మాటను ఎవరూ ప్రశ్నించరు. పొరుగువారి చీనా ఆలయమైనప్పుడు మాత్రం స్వజనంలోనే రెండు ఆక్షేపణలు పుడతాయి. అన్యదేవతకు నమస్కరించడం అనన్యభక్తికి భంగమని ఒకరంటారు. దేవతలందరూ ఒకటే కనుక విచారణయే అనవసరమని మరొకరంటారు. వీటిలో రెండవదే ఎక్కువ హాని చేస్తుంది.

సింగపూరులోని వాటర్లూ వీధిలో ఈ ప్రశ్న నిత్యం ఎదురవుతుంది. 1870లో హనుమాన్ భీంసింగ్ మర్రిచెట్టు క్రింద ఆరంభించిన శ్రీకృష్ణాలయం అక్కడ ఉన్నది. దాని చెంతనే 1884లో స్థాపితమైన క్వాన్ ఇమ్ థాంగ్ హూడ్ చో ఆలయం ఉన్నది. అందులో ప్రధానదేవత గ్వాన్ యిన్, కరుణామూర్తి. చీనా భక్తులు ఆమె దర్శనం ముగించుకొని కృష్ణాలయం ముంగిట కూడా ధూపశలాకలు వెలిగించి చేతులు జోడిస్తారు. తలిదండ్రుల వెంట కృష్ణదర్శనానికి వచ్చిన హిందూ బాలబాలికలకు పక్క ఆలయం ధూపగంధంగా, వీధిలో అమ్మే తామరమొగ్గలుగా, మోకరిల్లినవారు ఊపే వెదురుగొట్టంలోని శలాకల గలగలగా పరిచితం. ఆ గొట్టంలో శలాకలు నూరు. ఒకటి జారి క్రింద పడేవరకు ఊపుతారు. పిదప అర్ధచంద్రాకారపు ఫలకాలు రెండింటిని విసరి, ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే దేవత అంగీకరించినదని భావిస్తారు. బాలుని మనస్సుకు ఇంతకంటె ఆకర్షకమైనది ఏముంటుంది?

అయితే 1982లో ఆ ఆలయాన్ని విస్తరించి పునర్నిర్మించారు. అంతకుముందు చూచినవాని కన్నులలో ఉన్న గోడలు నేడు లేవు. అయినా అతడు "ఇది అదే" అంటాడు. వేదాంతులు దేవదత్తుని దృష్టాంతంతో వివరించినది ఇదియే. నాటి దేశకాలాలను, నేటి దేశకాలాలను పరిత్యజించగా మిగిలిన వ్యక్తియందే ఐక్యం సిద్ధిస్తుంది. ఆలయం విషయంలో మిగిలేది దేవత, అవిచ్ఛిన్నమైన ఉపాసన. జీర్ణోద్ధరణ వేళ దేవతాశక్తిని బాలాలయంలో నిలిపి, శిలలను మార్చే ఆగమసంప్రదాయం ఎరిగినవారికి ఇందులో వింత లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పతంజలి చిత్తవృత్తులను ఐదుగా విభజించినప్పుడు ప్రమాణాన్ని ఒకటిగా, స్మృతిని వేరొకటిగా లెక్కించాడు. నైయాయికులు కూడా స్మృతిని అనుభవంనుండి వేరుచేశారు. బాల్యస్మృతి ఎంత మధురమైనా ఆ దేవత ఎవరో చెప్పజాలదు. అది సంస్కారాన్ని మేల్కొలిపి పాదాలను అటు నడిపిస్తుంది, అంతే. ధూపగంధానికి కన్ను చెమర్చినంత మాత్రాన "ఈమె మన లక్ష్మియే" అని నిర్ణయించడం ప్రత్యభిజ్ఞ కాదు, అధ్యాస. దేవదత్తుని దృష్టాంతంలో మొదట చూచినవాడే తిరిగి కనిపిస్తాడు. ఇక్కడ లక్ష్మిని అక్కడ ఎవరూ చూడలేదు.

ప్రమాణంతో విచారిస్తే సంబంధం నిజంగానే దొరుకుతుంది, ఊహించినదానికంటె లోతుగా. గ్వాన్ యిన్ మూలరూపం అవలోకితేశ్వర బోధిసత్త్వుడు. 406లో సద్ధర్మపుండరీకాన్ని చీనాభాషలోకి తెచ్చిన కుమారజీవుడు ఆ నామాన్ని లోకపు ఆర్తధ్వనులను పరికించువాడనే అర్థంలో అనువదించాడు. ఏడవ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన హ్యూయెన్‌త్సాంగ్ "ఈశ్వర" శబ్దం నిలిచే అనువాదాన్ని కోరుకున్నాడు. సాంగ్ వంశకాలంలో ఆ మూర్తి క్రమంగా స్త్రీరూపం దాల్చింది. అదే హ్యూయెన్‌త్సాంగ్ ఆంధ్రదేశపు ధాన్యకటకాన్ని వర్ణిస్తూ, భావవివేకాచార్యుడు అవలోకితేశ్వర విగ్రహం ఎదుట ఆహారం మాని మంత్రజపం చేసిన కథను చెప్పాడు. కనుక తెలుగువాడు ఆ గడపలో పరాయివాడు కాడు. కాని ఆ బంధుత్వం బౌద్ధమార్గం ద్వారా వచ్చినది. దానిని దాచి, గ్వాన్ యిన్‌కు పురాణనామం తగిలించడం ఔదార్యం అనిపించుకోదు. అతిథిగా వెళ్ళి యజమాని పేరు మార్చిన పని అది.

మరి అనన్యభక్తి మాట? భగవద్గీత తొమ్మిదవ అధ్యాయంలోని 23వ శ్లోకాన్ని ఈ సందర్భంలో అందరూ స్మరిస్తారు. శ్రద్ధతో అన్యదేవతలను యజించినవారు కూడా తననే యజిస్తున్నారని భగవానుడు అక్కడ అంటాడు. ఆ యజనం విధిపూర్వకం కాదని కూడా వెంటనే అంటాడు. ఉపన్యాసాలలో మొదటి సగమే వినబడుతుంది. రెండవ సగాన్ని గౌరవించి, ఇష్టదైవం తప్ప అన్యం వద్దనుకున్న వైష్ణవుడు ఆ వీధిలో కృష్ణాలయం వద్దనే ఆగిపోతే అతనిని సంకుచితుడనరాదు. లోపలికి వెళ్ళదలచినవాడు గ్వాన్ యిన్‌కు గ్వాన్ యిన్ అనే నమస్కరించవచ్చు. శలాకలను ఊపి ఉద్యోగమో వివాహమో అడగడం మాత్రం వేరు విషయం. ఫలాపేక్షతో దైవాన్ని ప్రశ్నించే చాపల్యానికి స్వదేశంలో చిలుకజోస్యాలు చాలినన్ని ఉన్నవి.