ఎవడు పోతే పోయాడా?

"దేశభక్తి సినిమా అంటే ఇదిరా, మనవాళ్ళూ ఉన్నారు ఎందుకూ!" అని మా ఫ్రెండొకడు తెగ ఊదరగొడితే, పోయిన శనివారం రాత్రి కూర్చుని ఆ రష్యన్ సినిమా చూశాను. పేరు 'వొయ్నా', అంటే యుద్ధం. 2002లో వచ్చింది. దర్శకుడు అలెక్సీ బలబానోవ్.

కథ క్లుప్తంగా చెప్తా. చెచెన్యాలో తిరుగుబాటుదార్ల చేతిలో కొందరు బందీలు. వాళ్ళలో ఇవాన్ అనే కుర్ర సైనికుడు, జాన్ అనే ఇంగ్లీషు నటుడు, అతను పెళ్ళి చేసుకోబోయే మార్గరెట్, ఒక రష్యన్ కెప్టెన్. జాన్‌ని వదిలేసి, రెండు నెలల్లో 20 లక్షల పౌండ్లు తెమ్మంటారు. పాపం ఎక్కని గడప లేదు, దిగని గడప లేదు. చివరికి ఒక టీవీ ఛానల్, జరిగేదంతా కెమెరాలో తియ్యాలనే షరతు మీద కొంత డబ్బిస్తుంది. విడుదలైన ఇవాన్‌ని తోడు తీసుకుని మళ్ళీ ఆ కొండల్లోకే వెళ్తాడు.

బాగా తీశాడు, ఒప్పుకుంటా. నా గొడవల్లా వేరే. దారిలో ఇవాన్ ఒక గొర్రెల కాపరిని పట్టుకుని, చితకబాది, దారి చూపించమంటాడు. జాన్ తటపటాయిస్తే సినిమా అతన్ని చేతకానివాడిగా చూపిస్తుంది. పౌరుల్ని చంపాడని ఇవాన్ మీద కేసు పెడితే మాత్రం మనం అయ్యో అనుకోవాలి! యుద్ధంలో ఆలోచించకూడదట. మావాడు చప్పట్లు కొట్టింది సరిగ్గా ఇక్కడే.

"అలా చెయ్యకపోతే మార్గరెట్ బతికేదా?" అంటాడు. బాబూ, రాసినవాడు బతికించాడు కాబట్టి బతికింది. నిజంగా ఏం జరుగుతుందో అదే ఏడాది మాస్కోలో చూశాం కదా. అక్టోబర్ 23న దుబ్రోవ్కా థియేటర్లో సుమారు 40 మంది చెచెన్ మిలిటెంట్లు 800 మందికి పైగా జనాన్ని బంధించారు. 26 తెల్లవారుజామున ప్రభుత్వం లోపలికి మత్తు గ్యాస్ వదిలి దాడి చేసింది. మిలిటెంట్లందరినీ చంపేశారు. ఆపరేషన్ సక్సెస్! బందీల్లో మాత్రం సుమారు 130 మంది పోయారు, ఎక్కువమంది ఆ గ్యాస్ వల్లే. అదేం గ్యాసో డాక్టర్లకి చెప్పలేదు. స్పృహ లేనివాళ్ళని వెల్లకిలా పడుకోబెట్టారు.

2011లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు గ్యాస్ వాడటాన్ని తప్పుపట్టలేదు. బందీల్ని బతికించే ఏర్పాట్లు సరిగ్గా చెయ్యలేదని తప్పుపట్టింది. వైరస్ తీసేశాం సార్, డేటా కూడా పోయింది అంటే మన మేనేజర్ ఊరుకుంటాడా? పోయింది డేటా అయితేనే ఊరుకోడే!

మిలిటెంట్లని వెనకేసుకొస్తున్నానని మొదలుపెట్టకండి. జనాన్ని బంధించినవాడు నేరస్థుడే, అందులో అనుమానం లేదు. కానీ కాపాడటానికి వెళ్ళినవాడు ముందు లెక్క చూసుకోవాల్సింది ఎంతమందిని చంపానని కాదు, ఎంతమందిని బతికించి తెచ్చానని.

1999 నాటి కాందహార్ హైజాక్ మాటొస్తే మన ఆఫీసు కాంటీన్లలోనూ ఇదే వరస. "ఎవడు పోతే పోయాడు, లోపలికెళ్ళి కాల్చిపారెయ్యాల్సింది" అంటారు. ఆ విమానంలో వాళ్ళమ్మ కూర్చుని ఉంటే ఈ మాట అనేవాళ్ళా?