గోపురం కట్టేవాని లెక్క

కంప్యూటర్‌కు పొగగొట్టం ఉండదు గనుక అది సృష్టికి హాని చేయదని అనుకుంటాం. కర్బన ఉద్గారాలను 2030 నాటికి నికర సున్నాకు తెస్తామని గూగుల్ సంస్థ 2021లో ప్రకటించింది. తీరా 2024లో ఆ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం 2019తో పోలిస్తే 2023లో అవి 48 శాతం పెరిగాయి. రేయింబవళ్లు నడిచే డేటా సెంటర్ల విద్యుత్తు వాడకం అందుకు ఒక ముఖ్య కారణం. అయినా లెక్క దాచలేదు, అది మెచ్చదగినదే. అననీయ, సప్పీరాల పాపం పొలం సొమ్ములో కొంత ఉంచుకోవడం కాదు, కొంతే తెచ్చి అంతా తెచ్చామనడం (అపొ.కా. 5).

2025 అక్టోబరులో ఇదే సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా సెంటర్ నెలకొల్పుతామంది. ఉద్యోగాలొస్తాయని సంతోషించాం. ఆదివారం ఆరాధనను ఫోన్లలో ప్రసారం చేసుకునే మన సంఘాలకూ ఇలాంటి యంత్రాలు కావాలి మరి. గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు బోధించాడు (లూకా 14). కట్టే సంస్థను, అనుమతించే ప్రభుత్వాన్ని మనం అడగవలసిందీ ఆ లెక్కే. యంత్రాలను చల్లబరచడానికి నీరెంత కావాలి? ఏ జలాశయం నుండి? ఎండాకాలంలో ఎవరి వంతు తగ్గించి?