నాలుక ముడి విప్పుకుందాం

మొన్న మా మొహల్లా వాళ్లం మోరీ సంగతి చెప్పుకోవడానికి వార్డు మీటింగుకు వెళ్లాం. చాయ్ హోటల్లో కూర్చుంటే గంటసేపు ఆగకుండా మాట్లాడే చాచాను ముందు నిలబెట్టాం. మైకు చేతికి రాగానే ఆయన, "అంతా బాగానే ఉంది సార్" అని కూర్చున్నాడు. మోరీ ఇప్పటికీ గల్లీలోనే పారుతోంది. బయటికొచ్చాక అడిగితే, "క్యా కరూఁ బేటా, తెలుగులో తప్పు దొర్లితే నవ్వుతారు" అన్నాడు.

ఆ ఝిఝక్ నాకు కొత్త కాదు. బడి అంతా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. మొదటి ఏడాది క్లాసులో మాట్లాడుతూ 'కళ'ను 'కల' అన్నాను. అంతా గొల్లుమన్నారు. కాగితం మడిచి కూర్చున్నవాణ్ణి, ఆ ఏడాదంతా మళ్లీ లేవలేదు. నవ్వినవాళ్లు సాయంత్రానికే మర్చిపోయుంటారు. మోసింది నేనే.

మనకు జబాన్ లేక కాదు, మష్క్ లేక ఈ తిప్పలు. మన జల్సాల్లో ఏడేళ్ల బచ్చా కూడా జోరుగా తఖ్రీర్ చేస్తాడు, మాషా అల్లాహ్ అంటాం. కానీ అది ఎవరో రాసిస్తే కంఠస్థం చేసింది. మధ్యలో ఒక ముక్క మరిచిపోతే ఏడుపే. తన మాట తాను చెప్పడం వాడికి మనం నేర్పలేదు.

విలేకరిగా ఎన్నో మీటింగులు రాశాను. నా నోట్‌బుక్‌లోకి ఎక్కేది గొప్ప తెలుగు కాదు. "మా గల్లీలో నలభై ఇళ్లున్నాయి. మూడు నెలలుగా మోరీ నిండి పారుతోంది. వానలు పడేలోపు బాగు చేయండి." ఇంతే. ఎవరికి కష్టం, ఎప్పటినుంచి, ఏం కావాలి. ఈ మూడు చెప్పినవాడి మాట అధికారి కూడా రాసుకుంటాడు. 'ళ' సరిగ్గా పలికాడా లేదా అని ఎవరూ చూడరు.

అందుకే మొత్తం రాసుకుని చదవొద్దు. మూడు ముక్కలు చిన్న చీటీ మీద రాసుకోండి. మొదటి వాక్యం మాత్రం నోటికి వచ్చేలా నాలుగుసార్లు పైకి అనుకోండి. గుండె దడదడలాడేది మొదట్లోనే. అది దాటితే ఆవాజ్ దానంతటదే నిలబడుతుంది. తడబడితే ఒక్క క్షణం ఆగండి, మాఫీ అడగక్కర్లేదు.

మష్క్ ఇంట్లోనే మొదలవ్వాలి. రాత్రి దస్తర్‌ఖాన్ ఎత్తాక ఒక్కో బిడ్డకు రెండు నిమిషాలు ఇవ్వండి. ఆ రోజు చూసింది నిలబడి తెలుగులో చెప్పమనండి. మధ్యలో తల్లఫ్ఫుజ్ దిద్దొద్దు, అయ్యాక చెప్పండి. బేటీలకూ అంతే వంతు ఇవ్వండి. రేపు తన పిల్లల బడి మీటింగులో నిలబడి అడగాల్సింది ఆమే.

హజ్రత్ మూసా అలైహిస్సలాం అంతటివారే ఫిరౌన్ దగ్గరికి వెళ్లేముందు తన నాలుక ముడి విప్పమని దువా చేశారు. తనకంటే బాగా మాట్లాడే సోదరుడు హారూన్‌ను తోడిమ్మని అడిగారు. అంటే మాట తడబడటం ఐబ్ కాదు, తోడు అడగడమూ ఐబ్ కాదు. అది చూసి వెళ్లకుండా ఆగిపోతేనే నష్టం.

వచ్చే మీటింగుకు చాచా మళ్లీ వస్తానన్నాడు. ఆయన బదులు నేను మాట్లాడను. చీటీ రాసిచ్చి, పక్కన నిలబడతాను. మోరీ ఆయన ఇంటి ముందే పారుతోంది, ఆ మాట ఆయనే చెప్పాలి.