మన ఇల్లు – మన పిల్లలు: మార్కులు చెప్పని సంగతి

పోయిన నెల సంఘం భోజనాల దగ్గర ఒక తల్లి మమ్మల్ని పక్కకు పిలిచారు. "మా వాడికి 22 ఏళ్ళు. ఆటిజం ఉందేమోనని వాడంతట వాడే ఒక ప్రశ్నపత్రం నింపాడండీ. 34 వచ్చిందిట. నమ్మాలా, వద్దా?" అని గొంతు తగ్గించి అడిగారు. ఇదే ప్రశ్న మరికొన్ని ఇళ్ళలోనూ ఉండవచ్చునని ఈ నెల శీర్షికను దానికే కేటాయించాము.

ఆ పత్రాన్ని కేంబ్రిడ్జిలో సైమన్ బారన్-కోహెన్ బృందం 2001లో ప్రచురించింది. మొత్తం 50 వాక్యాలు. 32గాని అంతకు మించిగాని వస్తే డాక్టరుకు చూపించుకోవడం మంచిదని అర్థం. అది జల్లెడే గాని తీర్పు కాదు. నలుగురిలోకి రావడానికి భయపడేవారికీ మార్కులు పెరగవచ్చు. ఎదుటివారిని చూసి నేర్చుకుని తమ ఇబ్బందిని కప్పిపుచ్చుకునేవారికి, ముఖ్యంగా ఆడపిల్లలకు, తగ్గవచ్చు.

నిపుణులు ఎదురుగా కూర్చోబెట్టుకుని చేసే 'ఏడాస్' పరీక్షలో, బాగా మాట్లాడగల యువతకూ పెద్దలకూ వేరే భాగం ఉంది. అదీ ఒక్కటే చాలదు. స్కిజోఫ్రీనియా ఉన్నవారు కొందరు అందులో ఆటిజం ఉన్నవారిలాగే కనబడతారు. తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. అందుకే డాక్టర్లు చిన్ననాటి సంగతులు అడుగుతారు. లక్షణాలు పసితనం నుంచీ ఉండాలన్నది నియమం.

ఆ పసితనం ఎవరికి గుర్తు? మనకే. లేదా మన పిల్లల్ని రెండేళ్ళో మూడేళ్ళో పెంచి పంపిన అమ్మమ్మలకు, నానమ్మలకు. పెద్దల ముందు కళ్ళు దించుకోవడం మన ఇళ్ళలో మర్యాద; ఇక్కడి డాక్టరు దాన్ని లక్షణమనుకోవచ్చు. "వాడిది మేనమామ పోలిక, బిడియం" అని మనం కొట్టిపారేసినదే అసలు లక్షణం కావచ్చు. రెండూ చెప్పవలసింది మనమే.

ఆ తల్లి అసలు భయం వేరు. డాక్టరు దగ్గరకు తోడు రమ్మని కొడుకు అడిగాడు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు. "అంతా బాగానే ఉండేదని చెప్పేస్తే పోదా?" అన్నారు. అమ్మా, అలా చెబితే ఎంత మంచి పరీక్షయినా తప్పుతుంది, ఆ తప్పును మోయవలసినవాడు మీ అబ్బాయి అన్నాము.

మొన్న ఆవిడే ఫోన్ చేశారు. రాజమండ్రిలో వాళ్ళమ్మగారిని అడిగి రెండు కాగితాలు రాసుకున్నారట. మూడేళ్ళప్పుడు బొమ్మబండి తిరగేసి గంటలకొద్దీ చక్రం తిప్పేవాడట. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని పెరట్లోకి పరుగెత్తేవాడట. డాక్టరు ఏమంటారో ఇంకా తెలియదు. ఆటిజమేనని తేలవచ్చు, కాదనీ తేలవచ్చు. ఆ కాగితాలు పట్టుకుని ఆవిడ కొడుకుతో వెడుతున్నారు. మాకు అదే సంతోషం.