పరిశోధకురాలు తడబడితేనేమి?

అపరాధ పరిశోధక నవలను పాఠ్యపుస్తకం నడుమ దాచి చదవని విద్యార్థి అరుదు. దానిని చూచి నొసలు చిట్లించని పెద్దలూ అరుదే. ఆ రచనల మంచిచెడ్డల మాట అటుంచి, వాటిలో నాకు కనిపించిన ఒక పక్షపాతాన్ని మీ ముందుంచుతాను.

ఉర్దూ పాఠకులకు ఇబ్నె సఫీ సృష్టించిన ఇమ్రాన్ చిరపరిచితుడు. 1955 నుండి వెలువడిన ఆ నవలలలో అతడు వెర్రిబాగులవానివలె నటిస్తూనే దుర్మార్గుల ఆట కట్టిస్తాడు. తెలుగువారికి మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల 1986లో తీసిన ‘చంటబ్బాయ్’ ఉన్నది. అందులో చిరంజీవి ధరించిన జేమ్స్ పాండ్ పాత్ర ఎన్ని పొరపాట్లు చేసినా మనం నవ్వి, ఆదరించాము. పురుషుడు తడబడితే హాస్యం, స్త్రీ తడబడితే మాత్రం “నీకెందుకమ్మా ఈ పని?” అన్న హితబోధ! ఇది న్యాయమా?

ఈ ప్రశ్నకు సమాధానం మన నగరంలోనే లభించింది. 2014లో వచ్చిన సమర్ షేక్ హిందీ చిత్రం ‘బాబీ జాసూస్’లో నాయిక బిల్కిస్ పాతబస్తీలోని మొగల్‌పురా ఆడపడుచు. ఆ పాత్రను విద్యాబాలన్ పోషించారు. గూఢచర్య సంస్థ ఆమెకు ఉద్యోగమివ్వదు. కన్నతండ్రి ఆమె వృత్తిని మెచ్చడు. అయినా మారువేషాలు వేసి, గల్లీ గల్లీ తిరిగి, నవ్వులపాలై, మళ్ళీ లేస్తుంది.

ఒక ధనికుడు కొందరిని వెదకిపెట్టమని పెద్ద మొత్తం చేతిలో పెడతాడు. మొదట ఆమె మారు పలుకక వెదకిపెడుతుంది. పిమ్మట, “వీరెందుకు కావలసివచ్చారు?” అన్న సందేహం ఆమెను పీడిస్తుంది. డబ్బిచ్చినవానినే అనుమానించి వెంటాడుతుంది. రహస్యమేమిటో చెప్పి చూడనివారి ఆనందం చెడగొట్టను. కాని నా దృష్టిలో ఆమె సాహసం మారువేషాలలో లేదు. తన తప్పును తానే గుర్తించి, జీతమిచ్చే చేతిని ప్రశ్నించడంలో ఉన్నది.

మన తెల్లాపూర్ చుట్టూ నేడు ఆకాశహర్మ్యాలు లేచాయి. రేపు వాటిలో కొలువు చేయబోయే సోదరీమణులకు తొట్రుపాటు తప్పదు. దానికి జంకవద్దు. పని అప్పగించినవారిని “ఎందుకు?” అని అడగడం మాత్రం మరువవద్దు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం: గ్రంథాలయంలో ఉర్దూ, తెలుగు పరిశోధక నవలలకు ఒక అర కేటాయించండి. దాచుకొని చదివే బాధ మాకు తప్పుతుంది. వెదకి పట్టుకొనే శ్రమ మీకూ తప్పుతుంది!