ఖాతా పుస్తకం ఎవరిది?

కేసముద్రం మార్కెట్లో మిర్చి, మొక్కజొన్న కొనే చిన్న వ్యాపారి కూడా తన లెక్కల్ని ‘క్లౌడు’కు అప్పగించాలని బోధించేవారున్నారు. సర్వరు కొననక్కరలేదు, చెదల భయం లేదు, నెలకింత అద్దె చాలునంటారు. నిజమే. యంత్రాన్ని నిందించడం అభ్యుదయం కాదు. కాని పరుల యింట దాచిన దస్త్రానికి తాళంచెవి ఎవరి చేతిలో వుందో అడగకపోవడమూ అభ్యుదయం కాదు.

పేరుకు మబ్బే గాని అది ఆకాశంలో లేదు. 2022లో అమెజాన్ హైదరాబాదులోనే డేటా కేంద్రాలు తెరిచింది. దగ్గరున్నంత మాత్రాన మనదవుతుందా? 2025 జూలైలో, యూరపు ఆంక్షల దరిమిలా, మైక్రోసాఫ్టు మన దేశంలోని నయారా ఎనర్జీకి సేవలు ఆపేసింది. ఢిల్లీ హైకోర్టు కెక్కిన తర్వాతే అవి తిరిగి వచ్చాయి. చమురు శుద్ధి కర్మాగారం గల కంపెనీ కోర్టు కెక్కగలిగింది. కేసముద్రం అడ్తిదారు ఎక్కడికి పోతాడు? అతని ఖాతాలో రైతుకు చెల్లించవలసిన బాకీ కూడా వుందే!

సేవాసంస్థను మార్చుకునే హక్కును యూరపు డేటా చట్టం 2025 సెప్టెంబరు నుంచి అమలుపరిచింది. అట్టి హక్కు మనకూ కావాలి. ఒప్పందం తెలుగులో వుండాలి. అడిగిననాడు ఖాతా యావత్తూ చదవడానికి వీలైన రూపంలో తిరిగి రావాలి. అందాకా వారం వారం వొక ప్రతి దుకాణంలోనే వుంచుకోవడం వ్యాపారికీ, రైతుకూ క్షేమం.