కండగల పిల్లలు

ఆమదాలవలస చేరువనున్న ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ నగరమున స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోల బరువెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కిన సంగతి మన ఉత్తరాంధ్ర జిల్లాలలో చిన్నపిల్లలకును కంఠస్థమే. ఆ పతకమునకు ముందు ఆమె దేహమును గూర్చి దేశమున నడచిన ప్రసంగమును మాత్రము మనము మరచితిమి. ఒళ్లు చేసినదనియు, ఇక పనికిరాదనియు వ్రాసిన పత్రికలున్నవి. 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేతగా నిలిచిన నాడు ఆమె పోటీపడినది 54 కిలోల తరగతిలో. సిడ్నీలో 69 కిలోల తరగతిలో. ఈ క్రీడలో దేహభారమనునది తన బలమునకును, ఎదుటివారి బలమునకును తగినట్లు క్రీడాకారిణి తానై యెంచుకొను మెట్టే గాని, అద్దము ముందర తలవంచుకొనవలసిన అపరాధము గాదు. సిడ్నీలో స్వర్ణ రజతములు గెలిచిన ఇరువురకును ఆమెకును నడుమ మిగిలినది రెండున్నర కిలోలు.

విజయనగరము జిల్లా కొండవెలగాడలో ఈ విద్య నభ్యసించు ఆడపిల్లలు నేటికిని కలరు. ఆ యూరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల తరగతిలో రజతము పొందగా, స్వర్ణము దక్కినది పాపువా న్యూగినీ దేశపు డికా టువాకు. ఒలింపిక్ వేదికపై మొట్టమొదట బరువెత్తిన స్త్రీ ఆమెయే. కొండవెలగాడ పిల్లల చేతులను దగ్గరగా చూడవలెను. మెగ్నీషియం కార్బొనేట్ పొడి రుద్దిన అరచేతులలో వ్రేళ్ల మొదళ్లకడ కాయలు కాచి యుండును. కడ్డీ పైకి లాగు వేళ మోకాలి క్రింద చర్మము గీచుకొనిపోవును. ఆ కడ్డీ వచ్చి నిలుచుచోట మెడ క్రింది యెముకలపై ఒళ్లు కమిలి యుండును. భుజములు విరియుటచేత నిరుటి జాకెట్టు పట్టక కుట్లు విప్పవలసివచ్చును. ఆ పిల్ల తన దేహమును తన సంకల్పముతో, తన శ్రమతో, ఒక పనికై తీర్చుకొనినది. వీధియరుగు మీద కూర్చున్నవారికి మాత్రము తోచునది వేరు: “ఆడగుంటకి అన్ని కండలేటి? అసలే నలుపు. రేపెవుడు సేసుకుంతాడు?”

మల్లీశ్వరికి 1997లోనే పెండ్లియైనదని చెప్పి ఈ మాటకు బదులిచ్చువారున్నారు. ఆ బదులు నాకు సమ్మతము గాదు; ఏలనన, పెండ్లిచూపులలో నెగ్గుటయే దేహమునకు పరీక్ష యని అదియు నొప్పుకొనుచున్నది. ఆ పిల్ల ఎవరికి నచ్చునో యని ఊరంతయు చింతించునే గాని, ఆమెకు ఎవరు నచ్చుదురో యని ఒక్కరును అడుగరు.

ఈ దృష్టి మనకే సొంతమైనది గాదు. నల్లజాతి స్త్రీలు దీనిని మనకంటె క్రూరముగా అనుభవించిరి. దక్షిణాఫ్రికా ఖోయిఖోయి జాతికి చెందిన సారా బార్ట్‌మన్‌ను 1810లో లండను పికడిల్లీలో, పిరుదుల పరిమాణమే వింతగా, టిక్కెట్టు పెట్టి చూపిరి. 1815లో ఆమె పారిసున మరణింపగా, కువియే యను శాస్త్రజ్ఞుడు దేహమును కోసి పరీక్షించెను. అస్థిపంజరమును, దేహపు అచ్చును 1970ల దాక మ్యూజియములో నిలిపి, 2002లో గాని స్వదేశమున ఖననమునకు పంపలేదు. అమెరికా చలనచిత్రములు తదుపరి నల్లజాతి స్త్రీకి రెండు వేషములు కుట్టి యుంచినవి: ఒకటి, తెల్లవారి బిడ్డలను సాకు స్థూలకాయపు దాసి, ఆమెకు కోరికయే యుండదు, రెండవది, కోరిక తప్ప మరేమియు లేని కామిని. మొదటి వేషమును ధరించియే హాటీ మెక్‌డానియల్ 1940లో ఆస్కార్ అందుకొన్న తొలి నల్లజాతి వ్యక్తి యయ్యెను. పరికించి చూడగా ఆ రెండు వేషములును ఒక్కటే. కోరిక లేని దాసిని అనుమతి యడుగ నక్కరలేదు. కోరికయే సర్వస్వమైన కామినిని అడుగవలసిన పనియే లేదు. ఔనను హక్కు, కాదను హక్కు ఇరువురకును లేకపోయెను. ఇరువది మూడు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన సెరెనా విలియమ్స్ భుజములను సైతము మగవాని భుజములని ఎగతాళి చేసిన నోళ్లు ఈ కాలపువే.

మన వెండితెర ఆ వేషములను అరువు తెచ్చుకొననక్కరలేక తానే కుట్టుకొనినది. ఏలూరు ప్రాంతమున పుట్టిన విజయలక్ష్మి యను చామనచాయ యువతిని, 1980లో ‘వండిచక్కరం’ చిత్రమున ధరించిన పాత్ర పేరునే తగిలించి సిల్క్ స్మితగా మార్చి, 1996లో మదరాసున ఆమె చనిపోవుదాక, నటించగల కన్నులను విడిచి నడుమునే చూపిన పరిశ్రమ మనది. ఒళ్లు బరువైన స్త్రీకి హాస్యము, నల్లని స్త్రీకి ఐటెం పాట, ఉత్తరాంధ్ర యాసకు పనిమనిషి వేషము: ఈ పంపకము ఎన్ని దశాబ్దములైనను మారకుండుట మన రచయితల సోమరితనమని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

స్త్రీ దేహమును తెరపై చూపుట తప్పని నేననను. దానిని కప్పిపుచ్చుమని కోరువారును, చూచి ఈల వేయువారును ఆమె నడుగకయే తీర్పు చెప్పుచున్నారు గనుక, వారిలో నెవరి పక్షమును నాకు వలదు. మన నాగావళి, వంశధార తీరములలో చిత్రములు తీయు యువదర్శకులను ఒక్కటి యడుగుదును. కొండవెలగాడ వంటి యూరి పిల్లను, ఆ భుజములతో, ఆ మేనిచాయతో, ఆ యాసతో నాయికను చేయుడు. ఆమె పతకముతోనే కథ ముగింపకుడు. ఆమె ఒకనిని వలచునట్లు, మరియొకనిని కాదనునట్లు, ఆ రెండు మాటలును ఆమె నోటనే వినబడునట్లు వ్రాయుడు.